కార్ల్ పెర్కిన్స్ కుటుంబ మూలాలు, ఆ తీగ వంచే బాణీ ఎక్కడిది?

ప్రశ్న: రాకబిల్లీ (కంట్రీ పాట కలిసిన తొలినాటి రాక్ అండ్ రోల్) గాయకుడు, గిటారిస్టు కార్ల్ పెర్కిన్స్ పుట్టుక రికార్డులు వెతుకుతుంటే ఇంటిపేరు దగ్గరే ఆగిపోతున్నా. గిటార్ ఎవరు నేర్పారు?

జవాబు 1: జనన పత్రంలో ఇంటిపేరు తప్పుపడింది, ‘పెర్కింగ్స్’ అని. రెండు స్పెల్లింగులతోనూ వెతకండి. పుట్టింది 1932 ఏప్రిల్ 9న, టెనెస్సీలోని టిప్టన్‌విల్ దగ్గర. కాబట్టి లేక్ కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డులు చూడాలి, పేరున్న జాక్సన్ ఊరు కాదు. అక్కడికి తర్వాత వెళ్లారు. తండ్రి బక్, తల్లి లూయీజ్. సొంత భూమి లేదు, పంటలో వాటాకి పత్తి పండించేవారు. అమెరికా జనాభా లెక్కలు 72 ఏళ్లకి గానీ బయటపెట్టరు. 1940వీ 1950వీ ఇప్పుడు చూడొచ్చు.

జవాబు 2: నేర్పింది పత్తి చేలో తోటి కూలీ, జాన్ వెస్ట్‌బ్రుక్ అనే నల్లజాతి పెద్దాయన. కొత్త తీగలు కొనే స్తోమత లేక తెగినవాటినే ముడేసి వాడేవాణ్నని కార్ల్ చెప్పేవాడు. వేలు జారిస్తే ముడి కోసుకునేది, అందుకే తీగని పక్కకి వంచడం అలవాటైంది. మీరు సాధన చేసేటప్పుడు మూడో తీగ చుట్టు లేనిది (పైన సన్న తీగ చుట్టకుండా ఒట్టిగా ఉండేది) వేసుకోండి. చుట్టుతీగ బిగువుకి స్వరం సగంలోనే ఆగుతుంది.

జవాబు 3: అన్నదమ్ముల్ని వదిలేయకండి. కార్ల్ బ్యాండ్‌లో జే రిథమ్ గిటార్, క్లేటన్ బేస్. 1956 మార్చి 22న డెలవేర్‌లో కారు ప్రమాదంలో కార్ల్, జే ఇద్దరికీ గట్టి దెబ్బలే. జే 1958లో పోయాడు. నన్నడిగితే ఆ బ్యాండ్ గతి తప్పింది అక్కడే; గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పోటీ అంటారుగానీ అది సగం కారణమే.