శిక్ష మరీ తక్కువ పడింది, ప్రభుత్వం చేత అప్పీలు వేయించడం ఎలా?

నమస్కారమండీ. మా తమ్ముడిని కత్తితో పొడిచిన కేసులో సెషన్స్ కోర్టు ఈ మధ్యే తీర్పు ఇచ్చింది. హత్యాయత్నం, అంటే ఐపీసీ 307, రుజువు కాలేదని, 326 (ఆయుధంతో తీవ్రంగా గాయపరచడం) కింద రెండేళ్ల జైలు వేశారు. ఆ సెక్షన్‌కి యావజ్జీవం దాకా వేయొచ్చు. వాడి కుడిచేతి వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు, చొక్కా గుండీలు మా అమ్మే పెడుతుంది. తీర్పులో శిక్ష గురించి ఉన్నది నాలుగు లైన్లే: ముద్దాయికి ఇది మొదటి నేరం, భార్యాపిల్లలు ఉన్నారు. ఆ చేతి గురించి అక్కడ ఒక్క ముక్క లేదు. ఇది అన్యాయం అనిపిస్తోంది.

శిక్ష చాలలేదని అప్పీలు వేసే హక్కు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 418 (పాత సీఆర్పీసీ 377) కింద ప్రభుత్వానిదే. బాధితులు ఆ కారణంతో వేయలేరని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారిని అడిగితే "పైకి రాస్తాం" అంటున్నారు. హైకోర్టులో వేయడానికి గడువు 60 రోజులు. అదే టెన్షన్.

ఇలా అప్పీలు వేయించిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. అర్జీ ప్రాసిక్యూషన్ డైరెక్టర్‌కి పెట్టాలా, హోం శాఖకా? 307 పోయి 326 మిగిలింది కాబట్టి, తక్కువ నేరం కింద శిక్ష వేశారని బీఎన్ఎస్ఎస్ 413 కింద మేమే హైకోర్టుకు వెళ్లొచ్చా? రెండూ కలిపి నడపొచ్చా? ఇంకో భయం కూడా ఉంది. శిక్ష పెంచమని ప్రభుత్వం వెళితే, ముద్దాయి అదే అప్పీల్లో తనను పూర్తిగా వదిలేయమని కూడా వాదించుకోవచ్చు. ఆ రిస్క్ ఎంతవరకు ఉంటుందండీ?