ద్రాక్షసారా వెనిగర్‌గా మారితే హలాల్ అవుతుందా?

ప్రశ్న: ఖురాన్ 5వ అధ్యాయం 90వ వాక్యం మద్యాన్ని షైతాన్ పనిగా పేర్కొని దూరంగా ఉండమంటోంది కదా, అదే ద్రాక్షసారా ఇంకా పులిసి వెనిగర్‌గా మారితే వాడుకోవచ్చునా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: దానంతట అదే మారితే నాలుగు సున్నీ మజ్‌హబ్‌లూ (ధర్మశాస్త్ర సంప్రదాయాలూ) సమ్మతిస్తాయి. మత్తు గుణం పోయి నాలుకకు పులుపే తగులుతున్నప్పుడు అది వేరే పదార్థమైనట్లే లెక్క.

జవాబు 2: అయితే ఉప్పో మరొకటో వేసి కావాలని మారిస్తే ఆ నాలుగింటిలో హనఫీ మజ్‌హబ్ వారు ఒప్పుకుంటారు, షాఫియీ మజ్‌హబ్ వారు ఒప్పుకోరు, వేసిన వస్తువు ముందు సారా తగిలి తానే అపవిత్రమై, ఆపైన వెనిగర్‌నూ అపవిత్రం చేస్తుందన్నది వీరి వాదం. నాకిది కాస్త అతిసూక్ష్మంగా తోచినా, కొట్టిపారేయడం కష్టమే.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. ఏమీ కలపకుండా, పాత్రను ఎండలోంచి నీడకు జరిపితే?

జవాబు 2: అప్పుడు షాఫియీలలో బలమైన అభిప్రాయం ప్రకారం అది పవిత్రమేనండీ.