ఫోర్డ్ మోడల్ ఏ వెనక స్టెప్నీ స్టాండ్: ఎలా బిగించాలి?

మా తాతగారి 1930 ఫోర్డ్ మోడల్ ఏ కారుకి వెనక స్టెప్నీ స్టాండ్ లేదు. పాతది ఎక్కడా దొరకట్లేదు, అందుకే వెల్డింగ్ షాపులో చేయిద్దామనుకుంటున్నాను. 19 అంగుళాల వైర్ వీల్, 5.5 అంగుళాల వృత్తం మీద అయిదు బోల్టులు. చక్రం బిగించే ప్లేటు కొలతతో ఇబ్బంది లేదు. పెట్రోలు ట్యాంకు కూడా ముందు డ్యాష్‌బోర్డు దగ్గరే కదా, వెనక చోటుంది.

టెన్షనంతా చాసిస్ గురించే. వెనక క్రాస్ మెంబర్‌కి (చాసిస్ రెండు పక్కలనీ కలిపే అడ్డ దూలానికి) వెల్డింగ్ చేయిస్తే ఆ పాత ఇనుము పాడవుతుందేమోనని భయం. కొత్త కన్నాలు వేయడానికీ మనసొప్పడం లేదు. ఉన్న కన్నాల్లోనే బోల్టులతో బిగిస్తే గతుకుల రోడ్ల మీద చక్రం బరువుకి ఆగుతుందా? ప్లేటు 6 ఎంఎం చాలా, 8 కావాలా? చేయించినవాళ్ళుంటే దయచేసి బ్రాకెట్ ఫొటో, కొలతలు పెట్టండి.