పన్ను డబ్బుతో చదువులు, సంక్షేమం: ప్రభుత్వం ఇవ్వాలా, వద్దా?

చుక్కాని:
ఫీజు రీయింబర్స్‌మెంట్ (పేద విద్యార్థుల ఫీజును కళాశాలలకు ప్రభుత్వం చెల్లించే పథకం) బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కళాశాలలు బంద్ చేశాయి. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది జూన్ నుంచి తల్లికి వందనం మొదలైంది. అర్హత ఉన్న ఇంట్లో బడికి వెళ్లే ప్రతి బిడ్డకూ 15 వేలు. అందులో 2 వేలు బడి నిర్వహణకు మినహాయించి 13 వేలు తల్లి ఖాతాలో వేస్తున్నారు. ఇదంతా పన్నుల సొమ్మే. సూటిగా అడుగుతున్నాను: ఒకరి పిల్లల చదువుకు ఇంకొకరు పన్ను ఎందుకు కట్టాలి? జీతం చేతికి రాకముందే నా పన్ను కోసేస్తారు. ఆ తర్వాత నా ఇద్దరు పిల్లల ఫీజులూ నేనే కట్టుకుంటున్నాను. ప్రభుత్వం పోలీసులను, రోడ్లను, కోర్టులను చూసుకుంటే చాలు. చదువు ఎవరిది వారు చూసుకోవాలి. దానం చేయాలనుకున్నవారు సొంత డబ్బుతో చేయాలి.

రేగడి నేల:
పన్ను కట్టేది జీతగాళ్లు మాత్రమే అనుకోవడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

గురుకులం నీడ:
చుక్కాని గారూ, మా అమ్మ బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. ఆదాయపు పన్ను ఆమె ఏనాడూ కట్టలేదు. కానీ సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా, ఫోను రీఛార్జి చేయించినా పన్ను కట్టే కొన్నది. సబ్బు మీద 18 శాతం మీ ఇంట్లోనూ అంతే, మా ఇంట్లోనూ అంతే. పైగా ఆదాయపు పన్ను వేసేది కేంద్రం. రాష్ట్రాల సొంత రాబడి ఎక్కువగా జీఎస్టీ నుంచి, పెట్రోలు మీద, మద్యం మీద వేసే పన్నుల నుంచి, రిజిస్ట్రేషన్ల నుంచి వస్తుంది. వాటిలో కూలివాడి చెమట లేదా? ఈ పథకాలు మీ జేబులోంచి మా జేబులోకి వస్తున్నాయని అనకండి. అందరం వేసిందే అందులో ఉంది.

చుక్కాని:
సబ్బు మీద 18 శాతం ఎక్కడుంది? 5 శాతమే. లెక్క తెలియకుండా వాదించకండి.

రేగడి నేల:
2025 సెప్టెంబరు 22న 5కు తగ్గించారు. అంతకు ముందు 18 శాతమే. ఆవిడ పిల్లల్ని పెంచింది అప్పుడే.

చుక్కాని:
ఇప్పుడు ఎంత అన్నదే ముఖ్యం. రైతు అమ్మే బియ్యం, కూరగాయల మీద పన్ను లేదు. బడి ఫీజు మీద జీఎస్టీ లేదు. పేదవాడు మొత్తం పన్ను కింద కట్టేది ఎంత, నేను కట్టేది ఎంత?

గురుకులం నీడ:
మీకు 100లో 5 పోతే తెలియదు. మా అమ్మకు తెలుస్తుంది. మీరు మొత్తం చూస్తున్నారు, నేను భారం చూస్తున్నాను.

డల్లాస్ తెలుగు:
ఇక్కడి సంగతి చెబుతాను. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. బడుల ఖర్చులో పెద్ద భాగం ఇళ్ల మీద వేసే ఆస్తి పన్ను నుంచే వస్తుంది. పిల్లలు లేనివారూ కడతారు. మా పక్కింటి వృద్ధ దంపతుల పిల్లలు ఎప్పుడో పెద్దవాళ్లై వెళ్లిపోయారు. అయినా వాళ్లు కడుతున్నారు.

చుక్కాని:
మీ పిల్లలు ఆ బడికే వెళ్తారు కదండీ. తేడా అక్కడే ఉంది.

మాస్టారు, మార్కాపురం:
ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో పాఠాలు చెప్పి రిటైర్ అయ్యాను. పన్ను డబ్బుతో చదువు చెప్పాలా అన్న ప్రశ్నకు రాజ్యాంగమే జవాబిచ్చింది. 2002లో 86వ సవరణ ద్వారా 21ఎ అధికరణం చేర్చారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు అయింది. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దానం అన్న మాట వాడితే మాకు కష్టంగా ఉంటుంది చుక్కాని గారూ. ఆకలితో బడికి వచ్చిన పిల్ల రెండో పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చేయడం నేను చూశాను. వండిన భోజనం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మా బడిలో పొయ్యి వెలిగాక మధ్యాహ్నం హాజరు పడిపోవడం ఆగింది. కంచాలు కడుక్కునే దగ్గర పిల్లల గోల వింటే ఆ ఖర్చు దండగని ఎవరూ అనలేరు.

అయితే నాకూ ఒక అభ్యంతరం ఉంది. డబ్బు బడికి ఇవ్వాలి, తల్లి ఖాతాకు కాదు. ఈ సొమ్ము ప్రైవేటు బడిలో చదివించినా వస్తుంది. దీనికి ముందు ఇలాగే తల్లుల ఖాతాల్లో డబ్బు వేసిన అమ్మ ఒడి పథకం కాలం నుంచీ అంతే. డబ్బు పడిన వారానికే పక్క మండలంలోని ప్రైవేటు బడి పసుపు బస్సు మా ఊరి రావిచెట్టు దగ్గర ఆగడం మొదలైంది. మా బడి ఏకోపాధ్యాయ పాఠశాలగా మారిపోయింది. పన్ను డబ్బు పెట్టి ప్రభుత్వం తన బడినే తాను ఖాళీ చేసుకుంటోంది.

చుక్కాని:
ఇంకా నా మాటే నిజమవుతోంది. మీరే చెబుతున్నారు, డబ్బు చేరాల్సిన చోటికి చేరడం లేదని. పన్ను మీద అదనంగా వేసే సెస్సు సంగతి చూడండి. 2004లో విద్య పేరిట 2 శాతం వేశారు. 2007లో ఉన్నత విద్య కోసమని ఇంకో 1 శాతం. 2018 నుంచి ఆరోగ్యంతో కలిపి 4 శాతం. ఉన్నత విద్య సెస్సు కింద వసూలైన 90 వేల కోట్లకు పైగా సొమ్ము ఆ పనికోసం పెట్టిన ప్రత్యేక నిధికి చేరలేదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తప్పుపట్టింది. ఇంత జరిగాక కూడా ఇంకా పన్ను కట్టమంటారా?

మాస్టారు, మార్కాపురం:
అది పన్ను తప్పు కాదు. వసూలు చేసినవారు మాట తప్పడం. సెస్సులో రాష్ట్రాలకు వాటా ఉండదు కాబట్టే కేంద్రానికి అది అంత ఇష్టం. నిలదీయవలసింది అక్కడ. బీడీలు చుట్టే తల్లిని కాదు.

చుక్కాని:
మా ఇంటి ఎదురుగా రెండంతస్తుల ఇల్లు, కింద రెండు దుకాణాలు, అద్దెలు. ఆ యజమాని మీసేవలో దరఖాస్తు పెట్టి 2 లక్షల లోపు ఆదాయమని ధ్రువపత్రం తెచ్చుకున్నాడు. కొడుకు ఇంజినీరింగ్ ఉచితం. నా జీతం కాగితం మీద కనబడుతుంది కాబట్టి నాకు పైసా రాదు. ఇక్కడ నీతులు చెబుతున్నవారు ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మంచిది. మీరు చదివింది మాలాంటి వారి సొమ్ముతో.

గురుకులం నీడ:
ఆ మాట వెనక్కి తీసుకోండి.

మీ సొమ్ముతో చదివానా? 2011లో కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వం కేటాయించే సీట్లలో, ప్రైవేటు కళాశాలలో సీటు వచ్చింది. చదువు అయిపోయింది. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదని యాజమాన్యం నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేసింది. టీసీ కూడా ఇవ్వలేదు. కౌంటర్‌లో గుమాస్తా నా మెమోల కట్ట తీసి చూపించి మళ్లీ బీరువాలో పెట్టాడు. ఉద్యోగంలో చేరవలసిన గడువు దగ్గరపడింది. అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. ఆ బకాయి తర్వాత కళాశాలకు వచ్చిందో లేదో మాకెవరూ చెప్పలేదు. మా డబ్బు మాత్రం తిరిగి రాలేదు. ఎదురింటాయన దొంగపత్రం తెచ్చుకుంటే తహసీల్దారుకు ఫిర్యాదు చేయండి. ఆయన పాపం నా నెత్తిన రుద్దకండి.

నిర్వాహకులు:
వ్యక్తిగత నిందలు వద్దు. విషయం మీద మాట్లాడండి.

మాస్టారు, మార్కాపురం:
బాబూ, మీ అమ్మగారికి జరిగింది అన్యాయం. నేను ఇందాకటి నుంచి అంటున్నదీ అదే. ఆ డబ్బు ప్రైవేటు కళాశాలలకు ధారపోయకుండా ఉంటే జిల్లాకు రెండు మంచి ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలలు వచ్చి ఉండేవి. రీయింబర్స్‌మెంట్ పేరు పేదవాడిది, లాభం యాజమాన్యానిది.

గురుకులం నీడ:
మాస్టారూ, మీరంటే గౌరవం. కానీ ఈ మాట నేను ఒప్పుకోను. నాకు సీటు వచ్చిన ఏడాది మీరన్న ఆ కళాశాలలు లేవు. అవి కట్టేదాకా నేను ఇంట్లో కూర్చోవాలా? పి.వి. నరసింహారావు చొరవతో 1971లో సర్వేలులో గురుకులం పెట్టారు. అలాంటివి పెరగబట్టే నాలాంటివాడు పది దాకా చదివాడు. పది తర్వాత ఏది? మీ పిల్లలు ఎక్కడ చదివారు?

మాస్టారు, మార్కాపురం:
నేను పాఠం చెప్పిన బడిలోనే. మా అమ్మాయి ఏడో తరగతి వరకు నా క్లాసులోనే కూర్చుంది. ఉపాధ్యాయుడి బిడ్డ ఉన్న బడికి ఊరివాళ్లు తమ పిల్లల్ని పంపారు.

చుక్కాని:
మా వీధి చివర ప్రభుత్వ పాఠశాల ఉంది. అమ్మాయిని చేర్చుదామని నేనూ మా ఆవిడా వెళ్లి చూశాం. అయిదు తరగతులకు రెండు గదులు. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు లోపల గొళ్లెం లేదు, తాడు కట్టి ఉంది. పంతులమ్మ మంచి మనిషి, దాచకుండా అన్నీ చూపించింది. మా ఆవిడ ఆ తాడు చూసి వెనక్కి తిరిగింది. నేను పన్ను కడుతున్నాను, నా బిడ్డకు పనికొచ్చే బడి లేదు. ఆదాయం ఎక్కువని పథకం లేదు. ఇవ్వడానికి నేను కావాలి, తీసుకోవడానికి నేను అక్కర్లేదు. ఇదీ నా బాధ.

రేగడి నేల:
మొదట్లో ప్రభుత్వం చదువు జోలికే రాకూడదన్నారు. ఇప్పుడు బడి బాగు చేయమంటున్నారు. రెండింటిలో ఏది?

చుక్కాని:
అందరికీ ఇస్తే కడతాను. కొందరికే అయితే నా దగ్గర తీసుకోవద్దు. రెండూ ఒకటే మాట.

మాస్టారు, మార్కాపురం:
అయితే మనిద్దరిదీ ఒకే దారి. బడి అందరిదీ కావాలి. ఉద్యోగి బిడ్డ, కూలీ బిడ్డ ఒకే బల్ల మీద కూర్చుంటే ఆ తలుపుకు గొళ్లెం రేపే పడుతుంది. చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. మీలాంటివారు అందులో కూర్చుంటే అధికారులు ఫోను ఎత్తుతారు.

గురుకులం నీడ:
మీ ఇద్దరికీ కుదిరింది కానీ నాకు కుదరలేదు. అందరికీ అని తెరిచిన చోట ముందు వరుసలో నిలబడేది చుక్కాని గారి పిల్లలే. కోచింగ్ ఉంటుంది, ఫారం నింపే నాన్న ఉంటాడు. బీడీ కార్మికురాలి కొడుకు చివర్లో మిగులుతాడు. అందుకే లేనివారికి ముందు అంటున్నాను.

మాస్టారు, మార్కాపురం:
లేనివారికి మాత్రమే పెట్టిన బడి లేనివారి బడిలాగే మిగిలిపోతుంది. ముప్పై ఏళ్లు చూశాను.

గురుకులం నీడ:
గురుకులాలు అలా మిగల్లేదు. నేనూ లోపల ఉండి చూశాను. మీ అందరి బడి వచ్చేదాకా ఈ ఏడాది సీటు వచ్చిన పిల్లవాడికి ఈ ఏడాదే ఫీజు కావాలి, వాడి సర్టిఫికెట్లు వాడి చేతికి రావాలి. రీయింబర్స్‌మెంట్ ఆపమనేవారు ముందు ఏ జిల్లాలో ఎన్ని ప్రభుత్వ సీట్లు పెంచుతారో చెప్పండి. అప్పుడు మాట్లాడదాం.