బెర్లిన్ గోడ ఎక్కడ గీయాలి? ఇన్నేళ్లూ తప్పు చెప్పాను

ప్రశ్న – సోషల్ టీచర్, హన్మకొండ
మొన్న పదో తరగతిలో ప్రచ్ఛన్న యుద్ధం చెబుతూ బోర్డు మీద యూరప్ మ్యాప్ గీసి, రెండు జర్మనీల సరిహద్దు మీద గోడ పెట్టాను. పదిహేనేళ్లుగా అలాగే గీస్తున్నా. ఒకమ్మాయి అట్లాస్ పట్టుకొచ్చి, "సార్, బెర్లిన్ తూర్పు జర్మనీ నడుమల ఉన్నది కదా, గోడ ఈడికెట్లొచ్చింది?" అంది. ఇంటికొచ్చి చదివితే, గోడ పశ్చిమ బెర్లిన్ చుట్టూ ఉందని తెలిసింది. మరి చుట్టూ గోడ ఉన్నవాళ్లకే స్వేచ్ఛ ఉందంటే పిల్లలు నమ్ముతారా? ఎలా చెప్పాలి?

జవాబు – కాజీపేట
1945లో గెలిచిన నాలుగు దేశాలు జర్మనీని పంచుకున్నాయి. బెర్లిన్ సోవియట్ వాటాలో ఉన్నా, ఆ నగరాన్ని కూడా నాలుగు ముక్కలు చేశారు. సోవియట్ ముక్క తూర్పు బెర్లిన్, మిగతా మూడూ కలిసి పశ్చిమ బెర్లిన్. 1961 దాకా అటు నుంచి ఇటు రావడం, మనం కాజీపేటలో రైలెక్కి వరంగల్‌లో దిగినట్టే. అప్పటికి తూర్పు జర్మనీ నుంచి 25 లక్షల మందికి పైగా వెళ్లిపోయారు. డాక్టర్లు, ఇంజనీర్లు, వయసులో ఉన్నవాళ్లు. ఆగస్టు 13 తెల్లారేసరికి తూర్పు జర్మనీ ప్రభుత్వం ముళ్లకంచె వేసింది, తర్వాత గోడ కట్టింది. చుట్టూ మొత్తం 155 కిలోమీటర్లు. లోపలున్న పశ్చిమ బెర్లిన్ వాళ్లు రైల్లో, విమానంలో పశ్చిమ జర్మనీకి పోగలిగేవారు. కదలలేకపోయింది గోడ బయట ఉన్నవాళ్లే.

జవాబు – కరీంనగర్
తూర్పు, పడమర అంటే దిక్కులు కావని కూడా చెప్పండి సార్. ఆస్ట్రియా రాజధాని వియన్నా, అప్పటి కమ్యూనిస్టు చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్ కన్నా తూర్పున ఉంటుంది, కానీ ఆస్ట్రియా 1955 నుంచి తటస్థ దేశం. యుగోస్లావియాది కమ్యూనిస్టు ప్రభుత్వమే, అయినా 1948లోనే స్టాలిన్‌తో చెడింది. దానికి మూడో రంగు వేయండి.

జవాబు – జనగామ
మా నాయన సాయుధ పోరాటంలో దళాలకు అన్నం మోసిన మనిషి. చిన్నప్పుడు మేం చూసిన బొమ్మల పుస్తకాలన్నీ సోవియట్‌వే. 1968లో ప్రాగ్‌లోకి సోవియట్ ట్యాంకులు వచ్చాయని రేడియోలో విని, నాయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని అమ్మ చెప్పేది. ఎర్రజెండా మీద నాకు ఇప్పటికీ ప్రేమే. హిట్లర్‌ను ఓడించిన యుద్ధంలో సోవియట్ జనం రెండు కోట్లకు పైగా చనిపోయారు, అది తప్పకుండా చెప్పండి. కానీ ఆ గోడ దగ్గర కనీసం 140 మంది ప్రాణాలు పోయాయి. తన మనుషులు వెళ్లిపోతుంటే కాల్చిన ప్రభుత్వాన్ని నేను సమర్థించలేను. మా నాయన కూడా సమర్థించేవాడు కాదు.

ప్రశ్న అడిగిన టీచర్
అందరికీ థాంక్స్. శనివారం మొదటి పీరియడ్ ఆ క్లాసే. నేను తప్పు గీశానని ముందు చెప్పి, చాక్‌పీస్ ఆ అమ్మాయికే ఇస్తా. గోడ తనే గీస్తుంది.