పేటెంట్ వచ్చాక క్లెయిమ్‌లో తప్పు కనిపించింది, ఎలా దిద్దించుకోవాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు దగ్గర పల్లె. మిర్చి తొడిమలు తీసే మిషన్‌కి మొన్నే పేటెంట్ వచ్చింది. తీరిగ్గా చదివితే మొదటి క్లెయిమ్‌లో (అంటే మా హక్కు ఎంతవరకో చెప్పే వాక్యంలో) రోలర్ల మధ్య సందు "50 మి.మీ." అని ఉంది. అసలు 5. వివరణలో మూడు చోట్ల 5 అనే ఉంది, క్లెయిమ్‌లోనే సున్నా ఎక్కువ పడింది. సర్టిఫికెట్‌లో మా అన్నయ్య పేరులో అక్షరం తప్పు. తర్వాత అమర్చిన బ్లోయర్‌ని కూడా చేర్పించాలి. అన్నిటికీ కలిపి ఫారం 13 వేస్తే సరిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకండి, అయితే మూడూ ఒకే మూట కట్టొద్దు. ఫారం 13 పేటెంట్ చట్టంలోని సెక్షన్ 57 కింద సవరణకు. అక్కడ సెక్షన్ 59 అడ్డొస్తుంది: కొత్త క్లెయిమ్ పాత క్లెయిమ్ పరిధిలోనే పూర్తిగా ఇమడాలి. "50 మి.మీ. వరకు" అని ఉంటే 5కి తగ్గించొచ్చు. మీ దాంట్లో సరిగ్గా 50 అని ఉంది కాబట్టి 5 అందులో ఇమడదు.

అందుకే సెక్షన్ 78 కింద, రాతలో దొర్లిన తప్పుగా అడగండి. రాతపూర్వక విన్నపం, ఫీజు ఉండాలి. వివరణలోని ఆ మూడు చోట్లే మీకు బలం, పేజీ, పంక్తి నంబర్లతో చూపించండి. అంకె మారితే క్లెయిమ్ అర్థమే మారుతుంది కాబట్టి కంట్రోలర్ (పేటెంట్ ఆఫీసు అధికారి) ప్రకటన వేయించి అభ్యంతరాలు వినొచ్చు. దానికి సిద్ధంగా ఉండండి. పేరు తప్పుకీ ఇదే సెక్షన్.

బ్లోయర్ మాత్రం ఈ పేటెంట్‌లోకి రాదు. మొదట రాయని విషయాన్ని తర్వాత చేర్చనివ్వరు. సెక్షన్ 54 కింద, పాత ఆవిష్కరణకు చేసిన మెరుగుదలకు ఇచ్చే అదనపు పేటెంట్‌కి దరఖాస్తు చేయండి. దానికి విడిగా రెన్యువల్ ఫీజు ఉండదు, అసలు పేటెంట్ గడువుతోనే ముగుస్తుంది. ఆ దరఖాస్తు వేసేదాకా బ్లోయర్ ఉన్న మిషన్ ఎవరికీ చూపించొద్దు, అమ్మొద్దు.

ప్రశ్న: అది ఇంకా మా షెడ్డు దాటలేదండీ. కానీ పక్క ఊళ్లో ఒకాయన మా పాత మిషన్‌ని కాపీ కొట్టాడు. ముందు కేసు వేయమంటారా?

జవాబు: ముందు దిద్దుబాటే. 50 అని ఉన్న క్లెయిమ్‌తో కోర్టుకెళితే ఆయన మిషన్‌లో సందు 5 అని చూపించి తప్పించుకుంటాడు. పైగా కేసు నడుస్తుండగా సెక్షన్ 57 సవరణపై కంట్రోలర్ ఉత్తర్వు ఇవ్వలేరు. ఇంకొకటి, సవరణకు ముందు జరిగిన వాడకానికి నష్టపరిహారం అంత తేలిగ్గా రాదు. మొదటి పత్రాన్ని మంచి ఉద్దేశంతో, తగిన నైపుణ్యంతో, పరిజ్ఞానంతో రాశారని కోర్టు నమ్మాలి. పేటెంట్ దరఖాస్తు రాసిపెట్టిన ఏజెంట్‌కి మీరు పంపిన పాత డ్రాఫ్టులు, మెయిళ్లు ఈరోజే తీసి భద్రం చేయండి.