డీటీపీ కంప్యూటర్‌లో లినక్స్ మింట్ వేసే ముందు ఏమేమి పరీక్షించుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా డీటీపీ దుకాణంలో ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్ ఉంది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కేమో ఇంటెల్‌లో ఎనిమిదో తరమో అంతకంటే కొత్తదో అయిన ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని మూలన పడేయడానికి మనసొప్పక, విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామనుకుంటున్నాను. పాత లేజర్ ప్రింటర్, స్కానర్, యూఎస్‌బీ వైఫై, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ తెలుగు ఫాంట్లతో చేసిన పదేళ్ల శుభలేఖల ఫైళ్లు నా దగ్గర ఉన్నాయి. వీటిలో ఏది పనిచేయదో ముందే తెలుసుకోవచ్చా?

మొదటి సమాధానం:
చాలావరకు తెలుసుకోవచ్చండి. మింట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాని నుంచే బూట్ చేయండి. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు మీ విండోస్ అలాగే ఉంటుంది. తెర కనిపించగానే అంతా బాగుందనుకోకుండా, నిజమైన పేజీ ఒకటి ప్రింట్ తీసి, ఒక కాగితం స్కాన్ చేసి, కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టి మళ్లీ లేపి చూడండి. వైఫై పరికరం పెట్టె మీది పేరును నమ్మకండి, ఎందుకంటే అదే పేరుతో వేర్వేరు చిప్‌లున్న పరికరాలు అమ్ముతుంటారు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) ఆదేశం ఇస్తే కనిపించే గుర్తింపు సంఖ్యతో వెతకండి. ప్రింటర్ల విషయానికొస్తే, పోస్ట్‌స్క్రిప్ట్ లేదా పీసీఎల్ అనే ప్రింటర్ భాషలు తెలిసినవి సాధారణంగా ఇబ్బంది పెట్టవు; పేజీని తయారుచేసే భారమంతా కంప్యూటర్ మీదే వేసే చౌక లేజర్లతోనే చిక్కు.

రెండో సమాధానం:
హార్డ్‌వేర్ కంటే మీ ఫైళ్లే పెద్ద సమస్య. పేజ్‌మేకర్‌లో 2001 నాటి 7.0 తరువాత కొత్త వెర్షన్ రాలేదు, లినక్స్‌కైతే అసలే లేదు. పాత అను ఫాంట్లు యూనికోడ్‌వి, అంటే అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాలవి, కావు. వాటిలో ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చుని ఉంటాయి కనుక, ఫాంటు లేనిచోట ఆ పాఠం పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ (Wine) సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించవచ్చు గానీ, రోజువారీ సంపాదనను దాని మీద ఆధారపడనివ్వడం నా దృష్టిలో తెలివైన పని కాదు. విండోస్ డిస్కును అలాగే ఉంచి, మింట్‌ను వేరే ఎస్ఎస్‌డీలో వేయండి. కొత్త పనులను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో యూనికోడ్‌లో టైపు చేసి, పేజ్‌మేకర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన స్క్రైబస్‌లో పేర్చవచ్చు; అయితే 1.4 వెర్షన్ తెలుగు ఒత్తులను సరిగా కూర్చదు కనుక 1.6 వాడండి.

అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. పెన్‌డ్రైవ్ నుంచి రెండు రోజులు నడిపి చూశాను. స్కానర్, వైఫై వెంటనే పనిచేశాయి. ప్రింటర్ పేరు జాబితాలో కనిపించింది కానీ ఒక్క పేజీ కూడా బయటికి రాలేదు. అందువల్ల పాత డిస్కును ఇంటర్నెట్ లేకుండా శుభలేఖలకూ ప్రింట్లకూ ఉంచి, మిగతా పనులకు రెండో ఎస్ఎస్‌డీలో మింట్ వేస్తున్నాను. మింట్‌లో చేసిన పేజీలను పీడీఎఫ్‌గా మార్చి ప్రస్తుతానికి పెన్‌డ్రైవ్‌లోనే అటు మోస్తాను.